తీసేసిన చోట గుర్తు ఉండాలి

ఇంటర్నెట్ చర్చా వేదికలో ఎవరి పోస్టునైనా తీసేసే అధికారం దాన్ని కనిపెట్టుకుని ఉండే మోడరేటర్‌కి ఉండాలి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. డిలీట్ అయిన పోస్టుల గురించి ఎవరు నోరు విప్పినా, "ఈయనకి అసలు మోడరేషనే గిట్టదు, నోటికొచ్చింది రాసుకునే స్వేచ్ఛ కావాలి" అని ఒక ముద్ర వేసేస్తారు. నా వాదన అది కాదు. కొంతకాలం నేనూ మోడరేటర్‌గా పనిచేశాను. అడ్డూ అదుపూ లేని చోట చివరికి మిగిలేది గొంతు చించుకునేవాళ్ళేనని అప్పుడు దగ్గర నుంచి చూశాను. నెమ్మదిగా, ఆలోచించి రాసేవాళ్ళు అందరికంటే ముందు వెళ్ళిపోతారు. వెళ్తున్నామని కూడా చెప్పరు. వాళ్ళు లేరన్న సంగతి మనకి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

నేను అడుగుతున్నది వేరు. తీసేయండి, కానీ తీసేసినట్టు అక్కడ కనిపించాలి. ఎవరు తీశారు, ఏ నియమం కింద తీశారు అన్నది ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. రాసినవాళ్ళకి వాళ్ళ రాత తిరిగి అందాలి. ఇవేమీ లేకుండా పోస్టుని మాయం చేయడం, ఎంత మంచి ఉద్దేశంతో చేసినా, చర్చలో ఉన్న అందరికీ చేసే అన్యాయం అని నా నమ్మకం.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1980లో మొదలైన యూజ్‌నెట్ అనే కంప్యూటర్ చర్చా వ్యవస్థలో చాలా గ్రూపులకి మోడరేటర్లు ఉండేవారు కాదు. ఎవరు ఏది పంపితే అది అందరికీ చేరేది. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికన్ లాయర్లు గ్రీన్ కార్డ్ లాటరీకి సంబంధించిన తమ ప్రకటనని వేల గ్రూపుల్లో గుప్పించారు. గ్రూపు దేని గురించైనా సరే, అందులో అదే ప్రకటన. ఇలాంటివి పెరిగేసరికి కొందరు ‘క్యాన్సిల్’ సందేశాలు పంపి ఆ పోస్టుల్ని రద్దు చేయడం మొదలుపెట్టారు. నిజానికి ఆ సౌకర్యం ఎవరి పోస్టుని వాళ్ళు వెనక్కి తీసుకోవడానికి పెట్టింది. పంపుతున్నది అసలు రాసిన మనిషేనా అని సరిచూసే ఏర్పాటు సరిగా లేకపోవడంతో ఎవరి పోస్టునైనా ఎవరైనా చెరిపేయగలిగేవారు. అంత ప్రమాదకరమైన అధికారం అది.

‘క్యాన్సిల్‌మూస్’ అనే మారుపేరుతో ఉన్న ఒక అజ్ఞాత వ్యక్తి ఆ అధికారాన్ని వాడిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. ఏ స్పామ్‌ని, అంటే అడగకుండా గుప్పించిన ఏ పోస్టుల్ని రద్దు చేశారో, ఎందుకు చేశారో బహిరంగంగా ప్రకటించేవారు. ఆ రోజుల్లో అక్కడ స్థిరపడిన పద్ధతి కూడా గమనించదగ్గది. స్పామ్ అవునా కాదా అని తేల్చడానికి పోస్టులో ఏం రాశారన్నది చూడరు, ఎన్నిచోట్ల గుప్పించారన్నదే లెక్క. దాంతో అభిప్రాయం నచ్చక తీసేశారన్న అనుమానానికి తావు తగ్గింది. తాను ఎవరో చెప్పని మనిషి కూడా తాను చేసిన పనేమిటో చెప్పారు. ఇవాళ పేరు, ఫొటోతో సహా కనిపించే అడ్మిన్లలో చాలామంది ఆ మాత్రం కూడా చెప్పరు.

పోస్టు మాయమైతే నష్టం ఎవరికి? మొదట గుర్తొచ్చేది రాసినవాళ్ళే. మర్నాడు చూస్తే పోస్టు లేదు. నెట్ సరిగా లేక వెళ్ళలేదేమో అనుకుంటారు, మళ్ళీ రాస్తారు. అదీ పోతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఏ మాట తప్పయింది? ఎవరైనా రిపోర్ట్ కొట్టారా? అడ్మిన్‌కి నా మీద కోపమా? కారణం చెప్పని చోట మనిషి తనంతట తానే కారణాలు ఊహించుకుంటాడు. ఆ ఊహలు దాదాపు ఎప్పుడూ అసలు కారణం కంటే ఘోరంగా ఉంటాయి. లింకు ఎక్కువయిందని ఫిల్టర్ దానంతట అదే ఆపేసిన పోస్టు వెనక కుట్ర కనిపిస్తుంది. ఒకే ప్రశ్న రెండుసార్లు వచ్చిందని ఒకదాన్ని తీసేస్తే, తన వర్గం మీదో తన అభిప్రాయం మీదో పగబట్టారని తోస్తుంది. మోడరేటర్ ఒక్క ముక్క రాసి ఉంటే అర నిమిషంలో సర్దుకునేది, నెలల తరబడి మనసులో నలుగుతుంది.

ఆ తర్వాత, జవాబు రాసినవాళ్ళు. వీళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఒకసారి ఒకరు పాడైపోయిన హార్డ్ డిస్క్‌లోంచి పాత ఫైళ్ళు ఎలా రాబట్టాలని అడిగారు. ఏది ముందు చేయాలో, ఏది పొరపాటున కూడా చేయకూడదో వరసగా వివరిస్తూ, నాకు తెలిసినదంతా కూర్చి పెద్ద జవాబు రాశాను. ఇంకొందరు వచ్చి నేను వదిలేసినవి కలిపారు. మర్నాటికి ఆ ప్రశ్న లేదు, దానితోపాటు మా జవాబులూ లేవు. ప్రశ్నలో ఏం అభ్యంతరం ఉందో ఈ రోజుకీ నాకు తెలీదు. ఉండే ఉండవచ్చు. కానీ మా జవాబుల్లో ఏం తప్పుంది? ఒక మనిషి చేసిన తప్పుకి ఆ థ్రెడ్‌లో ఉన్నవాళ్ళందరి శ్రమనీ తుడిచేసే హక్కు మోడరేటర్‌కి ఎక్కడిది? ప్రశ్నలో అభ్యంతరకరమైన భాగం తీసేసి మిగతాది ఉంచవచ్చు. ప్రశ్న మొత్తం తీసేసి జవాబులు ఉంచవచ్చు. అదీ కుదరదనుకుంటే, రాసినవాళ్ళకి వాళ్ళ జవాబులు మెసేజ్‌లో పంపి "దీన్ని విడిగా పెట్టుకోండి" అనవచ్చు. ఇన్ని దారులున్నా అన్నిటికంటే మొరటు దారినే ఎంచుకుంటారు, అది ఒక్క క్లిక్‌తో అయిపోతుంది కాబట్టి.

దీనికంటే ఘోరమైనది సగం డిలీట్. ఇద్దరి మధ్య వాదన నడుస్తుంది. ఒకరు పరుషంగా ఏదో అంటారు. రెండోవారు కోపాన్ని అదుపులో పెట్టుకుని, "మీరు అన్నది నన్ను బాధించింది, ఎందుకంటే..." అని సావధానంగా రాస్తారు. మోడరేటర్ వచ్చి మొదటి పోస్టు తీసేస్తాడు. న్యాయమే కదా? కానీ ఇప్పుడు ఆ థ్రెడ్ చదివేవాళ్ళకి కనిపించేదేమిటి? ఎవరూ ఏమీ అనకుండానే ఒక మనిషి ఉన్నట్టుండి బాధపడిపోతూ, నీతులు చెబుతున్నట్టు ఉంటుంది. మాట పడ్డవాళ్ళే మతిలేనివాళ్ళలా మిగిలిపోతారు. "ఇక్కడ ఉన్న పోస్టుని వ్యక్తిగత దూషణ కింద తీసేశాం" అన్న ఒక్క వాక్యం ఉంటే కింద ఉన్న జవాబుకి అర్థం వస్తుంది, గౌరవమూ నిలుస్తుంది. ఒక్కోసారి ఇది తిరగబడుతుంది కూడా. రెచ్చగొట్టిన మాట మర్యాద ముసుగులో ఉంటుంది కాబట్టి బతికిపోతుంది, దానికి వచ్చిన ఘాటు సమాధానం మాత్రం ఎగిరిపోతుంది. రెచ్చగొట్టడంలో ఆరితేరినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. గీత దాటకుండా గిల్లుతూనే ఉంటారు, దాటేది ఎప్పుడూ ఎదుటివాళ్ళే. పోస్టుల్ని విడివిడిగా చూసి తీర్పిచ్చే మోడరేటర్ ప్రతిసారీ వీళ్ళ చేతిలో ఓడిపోతాడు. పై నుంచి కింది దాకా చదివి నిర్ణయించడం ఒక్కటే దారి. అలా చదివాడో లేదో ఆయన పెట్టిన కారణంలోనే తెలిసిపోతుంది. కారణం రాయమనడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే. రాయడానికి కూర్చుంటే చదవక తప్పదు.

అన్నిటికంటే నాకు కడుపు మండేది షాడోబ్యాన్. రాసినవాళ్ళకి తమ పోస్టు మామూలుగానే కనిపిస్తుంది, మిగతావాళ్ళెవరికీ కనిపించదు. జవాబులు రావు, ఎందుకు రావో తెలీదు. తన రాత బాగోలేదేమో, ఎవరికీ నచ్చడం లేదేమో అనుకుంటూ ఇంకా కష్టపడి రాస్తారు. స్పామ్ చేసే బాట్లకి, అంటే వాటంతట అవే పోస్టులు పెట్టే ప్రోగ్రాములకి, ఈ ఉపాయం సరిపోతుంది, అందులో నాకు పేచీ లేదు. బ్యాన్ అయినట్టు తెలిస్తే కొత్త అకౌంటుతో వస్తాయి కాబట్టి తెలియనివ్వకపోవడంలో అర్థముంది. మనిషి విషయంలో మాత్రం ఇది మోసం. "వెళ్ళిపో" అని మొహం మీద చెప్పడంలో కనీసం నిజాయతీ ఉంది. ఆ మనిషి ఇంకో చోటు వెతుక్కోగలడు. గాలిలో మాట్లాడిస్తూ, వింటున్నారని నమ్మించడం అతని కాలాన్ని దొంగిలించడమే.

గుర్తు వదలడం సాధ్యం కాదనేవాళ్ళు ఇప్పటికే నడుస్తున్న పద్ధతుల్ని చూడాలి. స్లాష్‌డాట్ అనే టెక్నాలజీ వార్తల సైటులో వ్యాఖ్యలకి మైనస్ ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు పడతాయి. తక్కువ మార్కులవి మామూలుగా చదివేవాళ్ళకి కనిపించవు గానీ, కావాలనుకున్నవాళ్ళు తమ హద్దుని మైనస్ ఒకటికి దించుకుని అన్నీ చదవవచ్చు. అలాంటిదే అయిన హ్యాకర్ న్యూస్‌లో ‘చనిపోయిన’, అంటే దాచేసిన, వ్యాఖ్యల్ని చూపించమని సభ్యులు తమ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో పదివేల పాయింట్లు దాటినవాళ్ళకి డిలీట్ అయిన ప్రశ్నలు, జవాబులు కనిపిస్తాయి. అంటే మోడరేటర్ల పనిని చూడగలిగే బయటి కళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. వికీపీడియా ఇంకా ముందుంది. ఏ పేజీని ఏ నిర్వాహకుడు ఎప్పుడు తొలగించాడో, ఏ కారణం రాశాడో అందరికీ కనిపించే చిట్టా ఉంటుంది, తెలుగు వికీపీడియాలోనూ ఉంది. తొలగించిన పేజీ లోపలి పాఠం నిర్వాహకులకే కనిపిస్తుంది, తొలగించిన సంగతి మాత్రం లోకమంతటికీ కనిపిస్తుంది. నేను కోరేది సరిగ్గా ఈ తేడానే. పాఠాన్ని దాచండి, చర్యని దాచకండి.

ఇందులో మంచితనమే కాదు, ప్రయోజనమూ ఉంది. శగుణ్ ఝావర్, ఎమీ బ్రక్‌మన్, ఎరిక్ గిల్బర్ట్ అనే పరిశోధకులు 2019లో రెడ్డిట్ అనే పెద్ద చర్చా సైటులోని 3.2 కోట్ల పోస్టుల్ని పరిశీలించారు. పోస్టు ఎందుకు తీసేశారో వివరణ అందుకున్నవాళ్ళు తర్వాత పెట్టే పోస్టులు మళ్ళీ తొలగింపుకి గురయ్యే అవకాశం తగ్గినట్టు తేలింది. నాకిది ఆశ్చర్యం కలిగించలేదు. కారణం చెబితే మనిషి నేర్చుకుంటాడు. చెప్పకపోతే అలిగి వెళ్ళిపోతాడు, లేదా కసిగా తిరిగొస్తాడు. అదే సంవత్సరం నేథన్ మాటియాస్ ప్రచురించిన ప్రయోగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రెడ్డిట్‌లోని సైన్స్ విభాగంలో 2,190 చర్చలు తీసుకుని, కొన్నిటి పైన నియమాల్ని అందరికీ కనిపించేలా పెట్టారు, కొన్నిటిపైన పెట్టలేదు. నియమాలు కనిపించిన చోట కొత్తవాళ్ళు వాటిని పాటించడం ఎనిమిది శాతం పాయింట్లకి పైగా పెరిగింది. అంతకంటే ముఖ్యంగా, చర్చలో పాల్గొన్న కొత్తవాళ్ళ సంఖ్య సగటున 70 శాతం పెరిగింది. నియమాలు ఎదురుగా కనిపిస్తే జనం బెదిరిపోతారని అనుకుంటాం. హద్దు ఎక్కడుందో తెలిసిన చోట మాట్లాడే ధైర్యం వస్తుందని ఆ ప్రయోగం చెప్పింది.

డిలీట్ అయిన చోట మిగిలే గుర్తు కూడా అలాంటి హద్దురాయే. నియమావళి పేజీ ఎవరూ చదవరు, చదివినా "మర్యాదగా ఉండండి" అన్న వాక్యం నుంచి ఏం తెలుస్తుంది? నిజమైన చర్చలో, నిజమైన పోస్టు స్థానంలో "వాదనని వదిలి మనిషి మీదకి వెళ్ళినందుకు తీసేశాం" అని చదివినప్పుడు, ఆ పైనా కిందా ఉన్నవి చూసి ఎక్కడిదాకా వెళ్ళవచ్చో పాఠకులు గ్రహిస్తారు. ఇలాంటివి నాలుగు చూస్తే ఆ వేదిక స్వభావం అర్థమవుతుంది. జాడ లేకుండా శుభ్రంగా తుడిచేసిన చోట ప్రతి కొత్త మనిషీ అదే తప్పుని మొదటి నుంచీ చేస్తాడు, మోడరేటర్ అదే పోస్టుని మళ్ళీ మళ్ళీ తీస్తూ ఉంటాడు.

తొలగింపు పనిచేయదని కూడా నేను అనను. 2015లో రెడ్డిట్ ద్వేషం మీదే నడిచిన కొన్ని విభాగాల్ని మూసేసినప్పుడు, వాళ్ళంతా మిగతా విభాగాల మీద పడి పాడుచేస్తారని చాలామంది భయపడ్డారు. తర్వాత జరిగిన పరిశోధనలో వాళ్ళలో చాలామంది సైటు వదిలి వెళ్ళిపోయారని, ఉన్నవాళ్ళు కూడా ద్వేషపు మాటలు బాగా తగ్గించారని తేలింది. ఆ మూసివేత చాటుగా జరగలేదు. ఏ విభాగాల్ని, ఎందుకు మూస్తున్నారో ప్రకటించి మూశారు.

ఇక మోడరేటర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు. వీటిని తేలిగ్గా తీసిపారేయలేను, ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. జీతం లేదు. ఇంటి పని, ఆఫీసు పని అయ్యాక మిగిలిన సమయంలో ఎవరెవరో తిట్టుకున్నవి చదవాలి. కారణం రాస్తే దాని మీద ఇంకో వాదన మొదలవుతుంది. "అతనిది ఉంచి నాది ఎందుకు తీశారు", "మూడో నియమంలో ఆ మాట ఎక్కడుంది" అంటూ రాత్రంతా మెసేజ్‌లు. పెద్ద కంపెనీలకి జీతానికి పనిచేసేవాళ్ళ పరిస్థితి ఇంకా దారుణం. హింసాత్మకమైన వీడియోలు రోజంతా చూసి మానసికంగా దెబ్బతిన్న అమెరికాలోని మోడరేటర్లకి పరిహారంగా 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఫేస్‌బుక్ 2020లో ఒప్పుకుంది. ఈ పని చేసేవాళ్ళని నియంతలనడం నాకు నచ్చదు.

అయినా నా మాట మార్చుకోను. కారణం చెప్పడం వేరు, దాని మీద వాదనకి దిగడం వేరు. మొదటిది బాధ్యత, రెండోది కాదు. పది కారణాలు ముందే రాసి పెట్టుకుని అందులోంచి ఒకటి ఎంచుకుంటే చాలు. తీసేసిన మోడరేటర్ సొంత పేరు కూడా అక్కడ ఉండనక్కరలేదు. పేరు పెడితే ఆ మనిషి వెంటపడి వేధించేవాళ్ళు ఉంటారు, ముఖ్యంగా మోడరేటర్ ఆడమనిషి అయితే. "మోడరేటర్ల బృందం" అంటే సరిపోతుంది, ఎవరు చేశారన్నది బృందం లోపల నమోదై ఉంటే చాలు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఒకసారి అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని ఇంకో మోడరేటర్ చూస్తారు, ఆయన చెప్పిందే ఆఖరు. ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లకి జవాబివ్వకపోయినా తప్పులేదు.

గుర్తు వదిలితే తీసేయించుకున్నవాళ్ళు దాన్ని చూపించి త్యాగమూర్తుల్లా తిరుగుతారని ఇంకో మాట. తిరుగుతారు. గుర్తు లేకపోయినా తిరుగుతారు. పైగా అప్పుడు వాళ్ళ కథ ఒక్కటే జనానికి వినిపిస్తుంది. "నిజం రాశానని నా పోస్టు లేపేశారు" అనే మనిషికి, "ఫలానా వ్యక్తి ఫోన్ నంబరు పెట్టినందుకు తీసేశాం" అన్న వాక్యమే సరైన సమాధానం. ఆ వాక్యం అక్కడ లేకపోతే మోడరేటర్ తర్వాత ఎంత చెప్పుకున్నా అది సంజాయిషీలాగే ఉంటుంది. స్క్రీన్‌షాట్లు తిరిగే కాలంలో ఏదీ పూర్తిగా మాయమవదు కూడా. కత్తిరించి, ముందూ వెనకా లేకుండా, పెట్టినవాళ్ళకి అనుకూలమైన ముక్కగా ఎక్కడో తేలుతుంది.

పాఠం ఒక్క అక్షరం కూడా మిగలకూడని సందర్భాలున్నాయి. ఒకరి చిరునామా, ఫోన్ నంబరు, ఇష్టం లేకుండా పెట్టిన ఆంతరంగిక ఫొటోలు, పిల్లల మీద జరిగే అఘాయిత్యాల చిత్రాలు. వీటిని వెంటనే తీసేయాలి, చట్టం చెప్పిన చోట ఫిర్యాదు చేయాలి, ఇక్కడ రాసిన మనిషికి కాపీ తిరిగి పంపే ప్రసక్తి కూడా లేదు. అప్పుడైనా "వ్యక్తిగత సమాచారం ఉన్నందున తీసేశాం" అని ఆ చోట ఉంచడంలో ఎవరికీ హాని లేదు, బాధితుల పేరు అందులో రాయకుండా ఉంటే చాలు.

ఇంకో రకం పోస్టుల గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఏ అర్ధరాత్రో ఎవరో "ఇక నావల్ల కావడం లేదు" అని రాస్తారు. మోడరేటర్‌కి కాళ్ళూ చేతులూ ఆడవు. ఇలాంటివి ఇక్కడ ఉండకూడదన్న నియమం గుర్తొస్తుంది, చదివిన మిగతావాళ్ళ మీద ప్రభావం పడుతుందన్న భయం ఉంటుంది, టక్కున తీసేస్తాడు. ఆ భయాలు నిజమైనవే. కానీ రాసిన మనిషి వైపు నుంచి చూడండి. ప్రపంచంలో తన మాట వినేవాళ్ళు లేరనిపించి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని నాలుగు వాక్యాలు రాస్తే, అవి కూడా లేకుండా పోయాయి. ఇలాంటి చోట మౌనంగా డిలీట్ చేయడాన్ని నేను ఏ నియమం పేరుతోనూ ఒప్పుకోలేను. పోస్టుని బహిరంగంగా ఉంచడం మంచిది కాదనుకుంటే దాచండి, దాచడానికి ముందే ఆ మనిషికి విడిగా రాయండి. "మీరు రాసింది చదివాను, ఇక్కడే ఉన్నాను, మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. సాయం అందించే హెల్ప్‌లైన్ వివరాలు ఇవ్వండి. పోస్టు ఎందుకు దాచారో ఆ తర్వాత చెప్పవచ్చు.

రాసినవాళ్ళే తమ పోస్టు డిలీట్ చేసుకుంటే? ఇక్కడ తేల్చడం అంత సులభం కాదు. నా రాత మీద నాకు హక్కుంది. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 17వ అధికరణం తమ వ్యక్తిగత సమాచారాన్ని చెరిపించుకునే హక్కుని ఇచ్చింది, అది ఉండాల్సిన హక్కే. పదిహేడేళ్ళ వయసులో తెలిసీ తెలియక రాసింది నలభై ఏళ్ళ మనిషి వెంట పడకూడదు. కానీ ప్రశ్న అడిగి, పదిమంది కష్టపడి జవాబులు రాశాక, పని అయిపోయిందని ప్రశ్న తీసేసి అందరి జవాబుల్నీ దానితో ముంచేయడం స్వార్థం. స్టాక్ ఓవర్‌ఫ్లో ఇందుకే ఓట్లు పడిన జవాబు ఉన్న ప్రశ్నని అడిగినవాళ్ళు తమంతట తాము డిలీట్ చేయకుండా అడ్డుపెట్టింది. కావాలంటే పోస్టు నుంచి తమ పేరు విడదీయమని అడగవచ్చు. నాకు న్యాయంగా అనిపించే మధ్యేమార్గం అదే. పేరు పోవాలి, మాట ఉండాలి.

ఇదే సైటులో 2024 మే నెలలో జరిగింది మాత్రం నన్ను ఇబ్బంది పెట్టింది. ఆ కంపెనీ తన సైటులోని రాతల్ని చాట్‌జీపీటీ తయారుచేసే ఓపెన్ఏఐకి అందించేలా ఒప్పందం చేసుకున్నప్పుడు, కోపం వచ్చిన కొందరు సభ్యులు తమ జవాబుల్ని చెరిపేయడానికి, మార్చేయడానికి ప్రయత్నించారు. సైటు ఆ పోస్టుల్ని తిరిగి పెట్టి, వాళ్ళ అకౌంట్లని కొంతకాలం ఆపేసింది. జవాబులు పాఠకుల కోసం ఉండాలన్న వాదన నాదే, అయినా ఇక్కడ నా సానుభూతి ఆ సభ్యుల వైపే వెళ్తుంది. పాఠకుల కోసం ఉచితంగా రాసినవాళ్ళు వాళ్ళు. అదే రాత వ్యాపార సరుకైనప్పుడు తమని అడగలేదని బాధపడ్డారు. నిరసనకి వాళ్ళ చేతిలో మిగిలిన సాధనం డిలీట్ ఒక్కటే. జవాబుల్ని నిలబెట్టడం సరే, ఆ మనుషుల్ని శిక్షించకుండా ఉండాల్సింది.

పెద్ద కంపెనీల దగ్గర ఈ సమస్య ఇంకో రూపం తీసుకుంటుంది. 2016లో ఫేస్‌బుక్, వియత్నాం యుద్ధంలో నాపామ్ అనే మంట బాంబుల దాడి నుంచి ఒంటి మీద బట్టల్లేకుండా పరుగెత్తుతున్న పాప ఉన్న ప్రసిద్ధ ఫొటోని నగ్నత్వం పేరుతో తీసేసింది. నార్వే పత్రిక ఆఫ్టెన్‌పోస్టెన్ సంపాదకుడు బహిరంగ లేఖ రాశారు. ఆ దేశ ప్రధాని ఎర్నా సూల్బెర్గ్ అదే ఫొటో పెడితే ఆమె పోస్టునీ తీసేశారు. గొడవ లోకమంతా పాకాక ఫేస్‌బుక్ వెనక్కి తగ్గి ఫొటోని అనుమతించింది. ప్రధాని కాబట్టి వినిపించింది. అదే పోస్టు పెట్టిన మామూలు మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? 2017లో యూట్యూబ్ తీవ్రవాద వీడియోల్ని ఏరడానికి కొత్త యంత్ర వ్యవస్థ పెట్టినప్పుడు సిరియా యుద్ధంలో జరిగిన దారుణాలకి సాక్ష్యంగా జనం పెట్టిన వేల వీడియోలు కొట్టుకుపోయాయి. కొన్నిటిని తర్వాత పునరుద్ధరించారు. నేరాన్ని పొగిడే వీడియో, నేరాన్ని బయటపెట్టే వీడియో యంత్రానికి ఒకేలా కనిపించాయి.

చట్టాలు ఇప్పుడు ఈ దిశగా కదులుతున్నాయి. 2022లో వచ్చిన యూరప్ డిజిటల్ సర్వీసెస్ చట్టం, కంటెంట్ తీసేస్తే కారణాలు స్పష్టంగా తెలపాలని 17వ అధికరణంలో చెప్పింది. మన దేశంలో 2021 ఐటీ నియమాల్లోనూ ఇలాంటిది ఉంది. యాభై లక్షలు దాటి వాడకందారులున్న సోషల్ మీడియా సంస్థ కొన్ని రకాల కంటెంట్‌ని తనంతట తాను తీసేస్తే, రాసినవాళ్ళకి కారణం చెప్పి, అభ్యంతరం తెలిపే అవకాశం ఇవ్వాలి. ఆ నియమాల్లో మిగతా వాటి మీద నాకు చాలా అభ్యంతరాలున్నాయి, అది ఇంకో వ్యాసం. ఈ ఒక్కటి మాత్రం సరైనది. చిన్న వేదికల మీదకి చట్టాన్ని తీసుకురావాలని నేను కోరను. నలుగురు స్వచ్ఛందంగా నడిపే చోట నోటీసులు, గడువులు పెడితే వాళ్ళు మూసేసుకుని వెళ్ళిపోతారు. అక్కడ మర్యాద సరిపోవాలి.

మోడరేషన్‌ని విమర్శించే పోస్టుల దగ్గరే ఆ మర్యాద ఎంతో తేలేది. "ఈ వేదికలో ఫలానా పోస్టు అన్యాయంగా తీసేశారు" అని ఎవరో థ్రెడ్ మొదలుపెడతారు. విషయానికి సంబంధం లేదంటూ దాన్నీ తీసేయడం చాలాచోట్ల జరిగే పని. ఇక్కడ మోడరేటర్ తన కేసులో తానే తీర్పు చెబుతున్నాడు. అందుకే నియమాల గురించి మాట్లాడుకోవడానికి విడిగా ఒక చోటు ఉండాలి, మామూలు చర్చ నుంచి ఇలాంటి థ్రెడ్‌లని అక్కడికి తరలించాలి. విమర్శ ఎవరి మీద వచ్చిందో ఆ మోడరేటర్ దాన్ని ముట్టుకోకూడదు, ఇంకొకరు చూడాలి. ఇంకొకరు లేని చోట, ఒక్క అడ్మినే అంతా నడుపుతున్న చోట, ఆ థ్రెడ్‌లో బూతులూ బెదిరింపులూ ఉంటే వాటి వరకే తీసేసి, తన జవాబు ఒక్కసారి రాసి, కావాలంటే కొత్త జవాబులు రాకుండా లాక్ చేయవచ్చు. థ్రెడ్‌ని మాత్రం చదవడానికి వీలుగా అక్కడే వదిలేయాలి. తీసేసిన నిర్ణయం తప్పని తేలితే పోస్టుని పాత చోటే తిరిగి పెట్టి, "పొరపాటున తీసేశాం, తిరిగి పెట్టాం" అని దాని కిందే రాయాలి. అప్పటికే జనం ఆ చర్చ దాటి వెళ్ళిపోయి ఉంటారు కాబట్టి, దాన్ని ఒకరోజు పైన ఉంచితే రాసినవాళ్ళకి పోయిన పాఠకులు కొంతమందైనా తిరిగి దొరుకుతారు.